బండికి కార్డు ఇచ్చారు సరే, కుళాయి ఏదీ?

ఈ వారం ఒక జిల్లా కేంద్రం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం తీసుకుంటున్నాను. ఇలాంటివి నెలకు నాలుగైదు వస్తున్నాయి కాబట్టి ఒకరికి చెప్పే జవాబు పదిమందికీ పనికొస్తుంది.

"డాక్టరుగారూ! మా వీధి మలుపులో అయిదు తినుబండారాల బండ్లు పెడతారు. ఒకటి ఇడ్లీ, ఒకటి మిరపకాయ బజ్జీ, ఒకటి పానీపూరీ, ఒకటి నూడిల్స్, ఒకటి పళ్ళ ముక్కలు. వాళ్ళకి మునిసిపాలిటీవాళ్ళు కార్డులు కూడా ఇచ్చారు. పన్నెండేళ్ళ మా అబ్బాయికి పది రోజుల కిందట కామెర్లు వచ్చాయి. రక్తపరీక్షలో హెపటైటిస్ 'ఎ' అన్నారు. ముందు రోజు సాయంత్రం వాడు ఆ మలుపులోనే తిన్నాడు. మా కాలనీ సంఘంవారు బండ్ల కార్డులు రద్దు చేయమని కమిషనర్‌గారికి అర్జీ రాశారు. బిడ్డకి జబ్బు చేసిన తల్లిని కదా అని నన్ను మొదటి సంతకం పెట్టమంటున్నారు. ఇడ్లీలమ్మే ఆవిడ పదేళ్ళుగా తెలుసు. మా అత్తగారికి ఒంట్లో బాగుండనప్పుడు ఆవిడ ఇడ్లీలే తెప్పించేవాళ్ళం. ఆవిడ కూతురు మావాడి క్లాసే. సంతకం పెట్టమంటారా, వద్దంటారా?"

అమ్మా, సంతకం సంగతి తర్వాత. ముందు అబ్బాయి సంగతి చూద్దాం.

పిల్లలకి వచ్చే ఈ రకం కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. విశ్రాంతి ఇవ్వండి. వాడికి తినాలనిపించింది కొంచెం కొంచెంగా పెట్టండి. ఉప్పూ నూనే పూర్తిగా మానిపించి చప్పిడి కూడు పెట్టి బిడ్డను నీరసపెట్టవద్దు. కంట్లో పసరు పోయించడం, చేతిమీద వాతలు పెట్టించడం వంటివి దగ్గరికి రానివ్వకండి. డాక్టరు రాయని మాత్ర ఏదీ వేయకండి, జ్వరం మాత్ర కూడా అడిగే వేయండి. లివరు అలసి ఉన్నప్పుడు మందే దానికి బరువవుతుంది. పిల్లవాడు మత్తుగా పడి ఉన్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా, ముక్కునుంచో చిగుళ్ళనుంచో రక్తం వచ్చినా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇంకో మాట. కామెర్లు కనబడకముందు రెండు వారాల నుంచే ఈ వైరస్ మలంలో బయటికి వస్తుంది. పచ్చదనం కనిపించాక కూడా ఓ వారం దాకా పోతూ ఉంటుంది. కాబట్టి ఇంట్లో అందరూ దొడ్డికి వెళ్ళొచ్చాకా, అన్నానికి ముందూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఈ జబ్బుకు టీకా ఉంది, మీ డాక్టరుగారిని అడగండి. గర్భిణీ స్త్రీ ఉంటే మరీ జాగ్రత్త. నీళ్ళ ద్వారానే వచ్చే హెపటైటిస్ 'ఇ' అనే మరో రకం వాళ్ళకి ప్రాణాంతకం కావచ్చు. ఆమెకు కామెర్లు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ఇక మీ అసలు ప్రశ్న.

నిన్నటి తిండికి నేటి జబ్బా?

"ముందు రోజు సాయంత్రం అక్కడే తిన్నాడు" అని రాశారు. తల్లి మనసు అలాగే ఆలోచిస్తుంది. కాని జబ్బులకు ఒక క్యాలెండరు ఉంది. క్రిమి ఒంట్లోకి వెళ్ళిన రోజుకీ జబ్బు బయటపడే రోజుకీ మధ్య ఎడం ఉంటుంది. ఒక్కో జబ్బుకి ఒక్కో ఎడం.

తిన్న గంట నుంచి ఆరు గంటల లోపల భళ్ళున వాంతులయితే, చాలాసార్లు అది నిలవ ఉన్న పదార్థంలో అప్పటికే పుట్టిన విషం పని. సాల్మొనెల్లా క్రిమి అయితే ఆరు గంటల నుంచి మూడు రోజులు. కలరా కొన్ని గంటల నుంచి అయిదు రోజులు. టైఫాయిడ్ ఒకటి నుంచి మూడు వారాలు. ఇక మీ అబ్బాయికి వచ్చిన హెపటైటిస్ 'ఎ'కి పదిహేను నుంచి యాభై రోజులు, సగటున నాలుగు వారాలు.

అంటే నిన్నటి పానీపూరీకి ఈ కామెర్లతో సంబంధం లేదన్నమాట. మీరు వెతకవలసింది నెలా నెలన్నర వెనక్కి. అప్పుడు వాడు బండి దగ్గర తినే ఉండవచ్చు. బడిలో కుళాయి నీళ్ళు తాగి ఉండవచ్చు. ఏ పెళ్ళిలోనో ఐసు వేసిన రసం తాగి ఉండవచ్చు. మీ ఇంటి పంపు నీళ్ళలోనే మురుగు కలిసి ఉండవచ్చు. బండ్లవాళ్ళని వెనకేసుకొస్తున్నాననుకోకండి. నేరస్థుడు ఎవరో తేలకముందే శిక్ష వేస్తే అసలువాడు తప్పించుకుంటాడు, వచ్చే నెల మరో ఇంటి తలుపు తడతాడు. నా భయం అదీ.

ఒక పని చేయండి. మీ వీధిలో ఈ రెండు నెలల్లో కామెర్లు ఎవరెవరికి వచ్చాయో కనుక్కుని ఒక కాగితం మీద రాయండి. ఆ మలుపులో ఎన్నడూ తినని ఇళ్ళలో కూడా వచ్చి ఉంటే, ముందు అనుమానించవలసింది మంచినీటి గొట్టాన్ని. చాలా ఊళ్ళలో గొట్టాలు మురుగు కాలవ పక్కనుంచీ, ఒక్కోచోట కాలవలోంచే పోతాయి. నీళ్ళు వదలని వేళల్లో గొట్టం ఖాళీగా ఉంటుంది. ఎక్కడైనా చిల్లుంటే మురుగు లోపలికి పీల్చుకుంటుంది. కుళాయి దగ్గర నీళ్ళలో మిగిలిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన దేశపు ప్రమాణం. దాన్ని రెండు నిమిషాల్లో చూసే చిన్న పరికరం ఉంది. నీటి సరఫరావాళ్ళని పిలిపించి మీ ఇంటి కుళాయి దగ్గరా, బండ్లవాళ్ళు బిందెలు నింపుకునే పంపు దగ్గరా రెండుచోట్లా చూపించమనండి. అంతవరకూ నీళ్ళు తెర్లకాచి చల్లార్చి తాగండి.

కార్డులో ఏముంది?

బండికి మునిసిపల్ కార్డు ఉంటే ఆ తిండి మంచిదని కొందరు నమ్ముతారు. తిండి మంచిది కాదు కాబట్టి కార్డు లాక్కోవాలని కొందరంటారు. రెండూ సరికావు.

రోడ్డు పక్క వ్యాపారం చేసుకోవడం మనిషికున్న హక్కేననీ, అయితే తగిన కట్టుబాట్లు పెట్టవచ్చుననీ 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. దాని ప్రకారం ఊళ్ళో వ్యాపారుల లెక్క తీసి, ఎవరు ఎక్కడ అమ్ముకోవచ్చో తెలిపే పత్రం ఇవ్వాలి. "ఫలానా వ్యక్తి ఫలానా చోట అమ్ముకోవచ్చు" అని మాత్రమే ఆ పత్రం చెబుతుంది. చట్నీ ఎప్పుడు రుబ్బారో చెప్పదు. తిండి సంగతి చూసేది ఆహార భద్రత చట్టం. అది 2006లో వచ్చింది, 2011 నుంచి అమలులో ఉంది. ఆ నమోదు ఉన్నవారి కాగితం మీద 14 అంకెల సంఖ్య ఉంటుంది. అదీ రోజూ వచ్చి గరిటె వాసన చూసేది కాదు.

అయితే 2014 చట్టంలో మన ఆరోగ్యానికి పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. అమ్మే చోటూ దాని చుట్టుపక్కలా శుభ్రంగా ఉంచవలసిన బాధ్యత వ్యాపారిది. అక్కడ కల్పించిన సౌకర్యాల నిర్వహణకి మునిసిపాలిటీ నిర్ణయించిన రుసుము అతను కట్టాలి. షరతులు మీరితే, అతని మాట విన్న తర్వాత, పత్రం రద్దు చేయవచ్చు. చోటు ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వీటన్నిటినీ చూడడానికి కమిషనర్ అధ్యక్షతన టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో నూటికి నలభైమందికి తక్కువ కాకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడోవంతు స్త్రీలు. మిగిలినవారిలో మునిసిపల్ వైద్యాధికారి, ట్రాఫిక్ పోలీసులతో పాటు నివాసుల సంఘాలకి కూడా చోటుంది.

చూశారా! మీ కాలనీ సంఘం వెళ్ళి కూర్చోవలసిన కుర్చీ చట్టంలోనే ఉంది. దానిలో కూర్చోకుండా గుమ్మం బయట నిలబడి అర్జీ విసురుతున్నారు.

మీ ఫిర్యాదులు తప్పు కావు

మీ సంఘంవారి బాధలు వట్టివని నేననను. కాలిబాట మీద బండి అడ్డుంటే ముసలివారు రోడ్డు మీదికి దిగి నడవాలి. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఎంతమంది మళ్ళీ మామూలుగా లేచి తిరుగుతారు? మాడిన నూనె పొగ ఉబ్బసం ఉన్నవారికి పడదు. ఎంగిలాకులు కాలవలో వేస్తే నీళ్ళు నిలుస్తాయి, దోమలు పెరుగుతాయి. రాత్రి వదిలేసిన మెతుకులకి ఎలుకలూ కుక్కలూ చేరతాయి. ఇవన్నీ ఆరోగ్య సమస్యలే. గట్టిగా అడగవలసినవే.

కాని బండ్లు వెళ్ళగొడితే ఇవి తీరతాయా? ఆ అయిదుగురికీ పొట్ట ఉంది. మీ మలుపు కాకపోతే బస్టాండు వెనక, దీపం లేనిచోట, మురుగు పక్కన పెడతారు. అక్కడికి నీళ్ళు ఇంకా దూరం. మీ అబ్బాయి ట్యూషన్‌కి వెళ్ళేది అటే కదా! క్రిమికి మీ వార్డు హద్దు తెలియదు.

ఒక్క బకెట్టు కథ

ఓ సాయంత్రం పది నిమిషాలు ఏ బండి దగ్గరైనా నిలబడి చూడండి. తినడానికి కాదు, చూడడానికి. బండి కింద ఒక బకెట్టు ఉంటుంది. తిన్న పళ్ళేలన్నీ అందులో ముంచి తీసి గుడ్డతో తుడుస్తారు. ఏడు గంటలకి నింపిన బకెట్టే తొమ్మిదింటికీ. డబ్బు పుచ్చుకున్న చెయ్యే పూరీ చిదిమి, వేళ్ళతో సహా పులుసులో ముంచుతుంది. చేతులు కడుక్కోవడానికి నీళ్ళేవీ?

ఆవిడకి శుభ్రం తెలియక కాదు. రెండు వీధుల అవతల పంపు దగ్గరనుంచి బిందె మోసుకొచ్చుకున్న మనిషి ప్రతి పళ్ళేనికీ చెంబెడు నీళ్ళు పారబోయగలదా? పోసినా ఆ నీళ్ళు పోయే దారేదీ? మీరే తిడతారు రోడ్డంతా బురద చేసిందని. కార్డు ఇచ్చిన మునిసిపాలిటీ దానితోపాటు ఒక కుళాయి, ఒక మురుగు దారి, మూత ఉన్న చెత్తడబ్బా ఇచ్చి ఉంటే సగం జబ్బులు ఆ మలుపు దాటి వచ్చేవి కావు.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. సింగపూర్‌లో వీధి తినుబండారాలవాళ్ళని ముందు లెక్కపెట్టి, లైసెన్సులిచ్చి, 1971 నుంచి 1986 వరకూ ఓపిగ్గా నీరూ మురుగు కాలవా ఉన్న కేంద్రాల్లోకి చేర్చారు. ఆ తిండి కేంద్రాల సంస్కృతిని 2020లో యునెస్కో తన జాబితాలో చేర్చుకుంది. మన దేశంలోనే అహ్మదాబాద్‌లోని కాంకరియా చెరువు దగ్గరి తినుబండారాల వీధికి 2018లో దేశంలో మొదటి 'స్వచ్ఛమైన వీధి ఆహార కేంద్రం' అన్న గుర్తింపు వచ్చింది. వెళ్ళగొట్టి సాధించినవి కావవి.

ఏది తినవచ్చు, ఏది మానాలి?

మీ మలుపులోని అయిదు బండ్లనీ ఒకే గాటన కట్టకండి. క్రిమికి వేడంటే భయం, నిలవంటే ఇష్టం. అయిదు డిగ్రీలకి పైనా అరవై డిగ్రీలకి లోపలా ఉన్న పదార్థంలో క్రిములు త్వరత్వరగా పెరుగుతాయి. మన ఎండలకి వండినది రెండు గంటలు మించి బయట ఉంచకూడదు.

పాత్ర మూత తీయగానే పొగలు కక్కే ఇడ్లీకి భయం తక్కువ. పక్కనున్న కొబ్బరి చట్నీ తెల్లవారుజామున రుబ్బినదైతే పదింటికి దాన్ని ముట్టవద్దు. ఉడుకుతున్న సాంబారు నయం. బజ్జీ మూకుట్లోంచి తీసింది మంచిదే, మీద చల్లే పచ్చి ఉల్లిపాయల్ని అడగాలి ఎప్పుడు తరిగారని. నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతూ ఉంటే ఆ బండి దాటిపోండి. కోసి పెట్టిన పళ్ళ ముక్కలు వద్దు, మీ ఎదుట కోయించుకోండి. పానీపూరీలో పూరీ కన్నా పానీయే ప్రమాదం. కాచి చల్లార్చిన నీళ్ళతో చేసి, గరిటెతో పోస్తే తప్ప పిల్లలకి పెట్టకండి. పచ్చిగుడ్డు కలిపిన మయొనైజ్ జోలికి పోకండి. అది తిని జనం జబ్బు పడుతున్నారనే 2024 అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వం దానిని ఒక సంవత్సరంపాటు నిషేధించింది. నిషేధపు గడువుకీ క్రిమికీ సంబంధం లేదు, ఎప్పుడైనా వద్దు. కళ్ళు జిగేల్‌మనే ఎర్రరంగు మంచూరియా, గులాబీరంగు పీచుమిఠాయి పిల్లల చేతికివ్వకండి. వార్తాపత్రికలో పొట్లం కడితే మీ గిన్నె మీరే ఇవ్వండి. అచ్చు సిరా వేడి నూనెతో కలిసి కడుపులోకి పోతుంది. అందుకే తిండి చుట్టడానికి వార్తాపత్రిక వాడకూడదని నిబంధన కూడా ఉంది.

అమ్మే మనిషి ఆరోగ్యం

ఒక సంగతి ఎవరూ తలచుకోరు. ఆవిడ కూడా ఆ పంపు నీళ్ళే తాగుతుంది. ఆవిడకీ విరేచనాలవుతాయి, టైఫాయిడ్ వస్తుంది. అప్పుడు వండకూడదు. కాని బండి పెట్టని రోజు పొయ్యి వెలగదు కాబట్టి జ్వరంతోనే వస్తుంది. టైఫాయిడ్ తగ్గాక కూడా కొందరిలో ఏ బాధా లేకుండానే ఆ క్రిమి నెలల తరబడి దాక్కుంటుంది. కాబట్టి బండ్లవాళ్ళకి ఏటా ఒకసారి వైద్య పరీక్ష, టైఫాయిడ్ టీకా ఉచితంగా ఏర్పాటు చేయమని కమిటీలోని వైద్యాధికారిని అడగండి. జబ్బు చేసినప్పుడు నాలుగు రోజులు రాకపోయినా ఆవిడ చోటు ఆవిడకే ఉంటుందని వీధి తరఫున మాట ఇవ్వండి. ఆ మాటకి ఖర్చేమీ లేదు, ఆవిడకన్నా ముందు మీ పిల్లలకే లాభం.

సంతకం సంగతి

ఇప్పుడు చెబుతున్నాను. ఆ అర్జీ మీద సంతకం పెట్టకండి. అలాగని ఊరుకోనూ వద్దు. వేరే అర్జీ రాయించి దానిమీద మొదటి సంతకం మీరే పెట్టండి, రెండోది ఇడ్లీలావిడ చేత పెట్టించండి. అందులో ఇవి ఉండాలి:

1. మా వీధి కుళాయిలోనూ బండ్లవాళ్ళు నీళ్ళు పట్టుకునే పంపులోనూ క్లోరిన్ పరీక్ష చేసి ఫలితం వార్డు ఆఫీసులో అంటించాలి. గొట్టం ఎక్కడ కారుతోందో చూడాలి.
2. బండ్లు పెట్టే చోట ఒక కుళాయి, ఎంగిలి నీళ్ళు పోయే దారి, మూత ఉన్న చెత్తడబ్బాలు ఏర్పాటు చేయాలి. వ్యాపారులు కట్టే రుసుము దీనికి ఖర్చుపెట్టాలి.
3. కాలిబాట మీద మనిషి నడిచే వెడల్పు వదిలి గీత గీయాలి. గీత దాటిన బండిని పక్కకి జరిపించాలి.
4. రాత్రి ఎన్నింటికి బండ్లు తీసేయాలో, తీసేముందు ఎవరు ఊడవాలో రాసి పెట్టాలి.
5. ఆహార భద్రత అధికారి వచ్చి బండ్లు చూడాలి, తప్పులుంటే నేర్పాలి. నేర్పిన తర్వాత కూడా వినని బండి కార్డు మీద మాత్రం చర్య తీసుకోవాలి.
6. టౌన్ వెండింగ్ కమిటీలో మా సంఘానికి చోటివ్వాలి.

మీ సంఘంవారు మొదట ముఖం చిట్లిస్తారు. కామెర్లు వచ్చిన ఇళ్ళ జాబితా వారి ముందు పెట్టండి. అందులో బండి తిండి ముట్టని ఇల్లు ఒక్కటున్నా వారే ఆలోచనలో పడతారు. ఒకవేళ అందరూ ఒకే బండి దగ్గర తిన్నవారే అయితే, అప్పుడు మొహమాటపడకండి. ఆ బండి పేరు రాసి అధికారికివ్వండి. అది ఇడ్లీ బండి అయినా సరే.

ఆవిడ కూతురు మీవాడి క్లాసని రాశారు. ఆ పిల్లకి కూడా ఈ మధ్య ఒంట్లో బాగుందో లేదో కనుక్కోండి. కళ్ళు పచ్చబడ్డాయేమో చూడమనండి. మొదటి సంతకానికి ముందు చేయవలసిన పని అది.

(ఉత్తరాలు రాసేవారు రోగి వయసు, జబ్బు మొదలైన తేదీ, వాడుతున్న మందులు తప్పక తెలపండి. వాంతులూ విరేచనాలూ పట్టుకున్నవారు మాత్రం నా జవాబు కోసం ఎదురుచూడవద్దు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లం, అది దొరక్కపోతే ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తూ వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి.)